ఇంజిన్ దించడమంటే పైకెత్తడమే

మెకానిక్కులు "ఇంజిన్ దించాలి" అంటారు. మా మారుతి 800 విషయంలో మాత్రం మేము దానిని బానెట్ దారిన పైకి లాగాము. ఎత్తడానికి పట్టిన సమయం అరగంటకు మించలేదు. ఆ అరగంటకు ముందు ఐదు ఆదివారాలు గడిచాయి, ఈ టపాలో రాయదగినదంతా ఆ ఆదివారాలలోనే ఉంది.

ఈ కారును నాన్నగారు 1997లో కొన్నారు. 796 సి.సి. మూడు సిలిండర్ల ఇంజిన్, కార్బురేటర్, నాలుగు గేర్లు. రెండేళ్ళుగా సైలెన్సర్ నుంచి నీలి పొగ వస్తోంది, ఆయిల్ తరుగుతోంది, దానికి తోడు ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తున్నా బండి ముందుకు కదలకపోవడం మొదలైంది. ఒక వర్క్‌షాపులో చూపిస్తే, పాత ఇంజిన్‌ను తుక్కు కింద పడేసి సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ వేయించుకోమన్నారు. ఆ సలహా నాకు నచ్చలేదు. ఇంజిన్ నంబరు ఆర్‌.సి.లో ఉంటుంది కనుక, ఇంజిన్ మారిస్తే రవాణా శాఖ కార్యాలయంలో ఆ మార్పును నమోదు చేయించుకోవాలి. పదిహేనేళ్ళు దాటిన కారుకు ఐదేళ్ళకొకసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఎలాగూ తప్పదు, ఆ తనిఖీలో నంబరు తేడా వస్తే తలనొప్పి మనదే. పైగా ఈ బండి తయారీ 2014 జనవరిలో ఆగిపోయినా, విజయవాడ ఆటోనగర్‌లో దీని సామాను ఇప్పటికీ దొరుకుతోంది. ఉన్న ఇంజిన్‌నే బాగు చేయించుకోవాలని, దానిని బయటికి తీసే పని మేమే చేయాలని నిర్ణయించుకున్నాను. "మేము" అంటే నేను, మా బావమరిది, పక్క వీధిలో ఉండే ఒక విశ్రాంత మెకానిక్. ఆయనను అందరూ మేస్త్రిగారు అనే పిలుస్తారు.

మొదటి ప్రశ్న దేనికి వేలాడదీయాలన్నది. రోడ్డు పక్కన పనిచేసే మెకానిక్కులు చెట్టు కొమ్మకు చైన్ బ్లాక్ (గొలుసు లాగి బరువులెత్తే కప్పీ) కట్టి కానిచ్చేస్తారు. మా పోర్టికో శ్లాబుకు ఉయ్యాల కొక్కెం ఉంది, మా బావమరిది కన్ను వెంటనే దాని మీద పడింది. ముప్పై ఏళ్ళ కిందట శ్లాబు పోసినప్పుడు ఆ కొక్కేన్ని ఏ కడ్డీకి కట్టారో, లోపల అది ఎంత తుప్పు పట్టిందో చూసే మార్గం లేదు. పిల్లలు ఊగడానికి సరిపోయిన కొక్కెం ఇంజిన్‌ను, గేరుబాక్సును కలిపి మోస్తుందని నమ్మి దాని కింద చేతులు పెట్టడం తెలివితక్కువ పని. చివరకు బోరుబావుల్లోంచి మోటార్లు పైకి తీసేవారి దగ్గర మూడు కాళ్ళ ఇనుప స్టాండును, ఒక టన్ను చైన్ బ్లాకును అద్దెకు తెచ్చాము. ఆ స్టాండు పోర్టికో కింద పట్టదు కాబట్టి చివరి రోజు పనిని ముంగిట్లోనే పెట్టుకున్నాము. కాళ్ళు మట్టిలో దిగబడకుండా చెక్క పలకలు వేసి, అవి ఒకదానికొకటి దూరం జరగకుండా మూడింటినీ అడుగున గొలుసుతో చుట్టి కట్టాము. బరువు పడినప్పుడు ఇలాంటి స్టాండు విరగడం కంటే, కాళ్ళు జారి విచ్చుకోవడమే ఎక్కువ ప్రమాదం.

విప్పడంలో వరుస ముఖ్యం. ముందుగా బ్యాటరీ నెగటివ్ వైరు తీయాలి. పాజిటివ్‌ను ముందు తీయబోతే, చేతిలోని పానా బాడీకి తగిలిన మరుక్షణం నిప్పురవ్వలు లేస్తాయి. ఆ తరువాత పెట్రోలు గొట్టాన్ని ఊడదీసి, దాని మూతికి తగిన బోల్టును దూర్చి క్లిప్పు బిగించాము. మా వంటింటి కిటికీ సరిగ్గా పోర్టికోలోకే తెరుచుకుంటుంది. అందువల్ల ఆ పూట పొయ్యి వెలిగించకుండా టిఫిన్ బయటి నుంచి తెప్పించాను, దీనిపై ఇంట్లో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. రేడియేటర్ నీటిని మాత్రం నేల మీదకు వదలకూడదు. అందులో కలిపే కూలెంట్ తియ్యగా ఉంటుంది, వీధికుక్కలు నాకితే చచ్చిపోతాయి. దానిని బకెట్లో పట్టి మూత పెట్టాము.

తరువాతి రెండు ఆదివారాలూ వైర్లతో, గొట్టాలతో, కేబుళ్ళతో గడిచిపోయాయి. పాత కార్బురేటర్ బండిలో ఇంజిన్‌కు, బాడీకి మధ్య ఎన్ని బంధాలున్నాయో బానెట్ ఎత్తి చూసినంత మాత్రాన తెలియదు. ఆక్సిలరేటర్ కేబుల్, చోక్ కేబుల్, క్లచ్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్, హీటర్ గొట్టాలు, బ్రేకు బూస్టర్‌కు వెళ్ళే వాక్యూమ్ గొట్టం, స్టార్టర్, ఆల్టర్నేటర్, డిస్ట్రిబ్యూటర్ వైర్లు, గేరు రాడ్లు, ఇవి కాక ఆయిల్ ప్రెషర్ దీపానికి, టెంపరేచర్ ముల్లుకు వెళ్ళే సన్నని తీగలు. తీసిన ప్రతి కొసకూ కాగితపు టేపు చుట్టి అంకె వేశాను, దాని జోడుకు కూడా అదే అంకె. ఫోన్లో ఫొటోలు కూడా తీశాను గానీ, రెండు నల్ల గొట్టాలు పక్కపక్కనే ఉన్నప్పుడు ఫొటో చూసి ఏది ఎక్కడిదో పోల్చుకోవడం కష్టం, టేపు మీది అంకెకు అటువంటి అనుమానం ఉండదు. బోల్టుల కోసం అమ్మ పక్కన పెట్టేసిన పాత అల్యూమినియం ఇడ్లీ ప్లేట్లను అడిగి తీసుకున్నాను. ఒక్కో గుంటలో ఒక్కో భాగం బోల్టులు. ఈ కారులో ఎక్కువగా 10, 12, 14, 17 నంబర్ల పానాలే పడతాయి, తల ఒకటే సైజులో ఉండి పొడవు మాత్రం తేడాగా ఉండే బోల్టులు చాలా ఉంటాయి. పొడవు బోల్టు పొట్టిదాని చోటులోకి వెళితే అల్యూమినియం మరలు పాడవుతాయి.

నాలుగో ఆదివారమంతా సైలెన్సర్ పైపు బోల్టులే మింగేశాయి. వేడికి, తుప్పుకు అవి నట్లతో ఒక్కటైపోయాయి. బలం పెట్టి తిప్పబోతే, "తొందరపడకు బాబూ, తల తెగితే డ్రిల్లు పెట్టాల్సి వస్తుంది" అని మేస్త్రిగారు వారించారు. తుప్పు వదిలించే నూనె రాసి, రాత్రంతా నాననిచ్చి, ఉదయం చిన్న సుత్తితో తట్టి, అర చుట్టు విప్పి పావు చుట్టు వెనక్కి బిగిస్తూ తీశాము. రెండు సాఫీగా వచ్చాయి, మూడోది విరిగింది. ఆయన నన్ను ఏమీ అనలేదు.

ఐదో ఆదివారం కారును ముంగిట్లోకి తోసి, ముందు భాగాన్ని జాకీతో ఎత్తి ఇనుప స్టాండ్ల మీద నిలిపాము. జాకీ మీదే బండిని వదిలేసి కింద దూరడం ఎవరు చేస్తున్నా ఆపవలసిన పని. గేరు ఆయిల్ వదిలాక, సస్పెన్షన్ కింది జాయింట్లు విప్పి, చక్రాలను తిప్పే రెండు డ్రైవ్ షాఫ్టులనూ గేరుబాక్సు నుంచి బయటికి లాగాము. బానెట్ ఊడదీసి గోడకు ఆనించాము. ఇంజిన్‌కు చైన్ బిగించి, బరువు ఇంజిన్‌ను మోసే మౌంటింగ్ రబ్బర్ల మీద నుంచి చైన్ మీదకు మారేంత వరకు లాగి, ఆ తరువాతే మౌంటింగ్ బోల్టులు తీశాము.

బావమరిది చైన్ లాగుతుంటే ఇంజిన్ రెండంగుళాలు లేచింది, ఆ తరువాత దానితోపాటు కారు ముందు భాగం కూడా కొంచెం లేచింది. అతను ఇంకొంచెం లాగబోయాడు. మేస్త్రిగారు అతని భుజం మీద చెయ్యి వేసి ఆపారు. ఆయన చైన్ వైపు చూడనే లేదు, వంగి కారు ముందు భాగాన్నే చూస్తున్నారు. "బండి లేస్తోందంటే అది ఇంకా దేన్నో వదల్లేదన్న మాట. ముందు దించండి, వెతుకుదాం" అన్నారు. ఇరవై నిమిషాలు వెతికాము. నా టేపు అంకెల్లో లేనిది, ఫొటోల్లోనూ పడనిది గేరుబాక్సు అడుగున కనిపించింది. బాడీకి, గేరుబాక్సుకు మధ్య ఉండే రాగి అల్లిక ఎర్త్ పట్టీ అది, మట్టి, గ్రీజు పేరుకుని గేరుబాక్సు రంగులో కలిసిపోయింది. అది తెగినా నష్టం పెద్దది కాదు. కానీ బిగువుగా ఉన్న చైన్ మీద ఏ పట్టీ అయినా ఒక్కసారిగా తెగితే, వేలాడుతున్న ఇంజిన్ ఊగి ఎవరి చేతి మీదకు వస్తుందో చెప్పలేము.

ఆ తరువాత ఇంజిన్‌ను కొద్దిగా ఏటవాలుగా వంచి, రేడియేటర్ పెట్టే చోటును దాటించి బయటికి తెచ్చి, పాత టైరు మీద దింపాము. ఇంజిన్ లేని కారు ముందు భాగం చాలా పెద్ద ఖాళీగా కనిపించింది. నాన్నగారు వచ్చి అందులోకి తొంగి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయారు.

ఫ్లైఓవర్ మీద ఇంజిన్ అరిచినా బండి కదలకపోవడం క్లచ్ జారడం వల్లే. గేరుబాక్సు విడదీయగానే దానికి కారణం తెలిసింది. క్రాంక్ వెనుక ఆయిల్ సీలు కారి, క్లచ్ ప్లేటు నూనెలో తడిసిపోయింది. పొగ సంగతి మన చేతిలో లేనిది. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, అసలు కొలత 68.5 మిల్లీమీటర్లు, ఎంత అరిగిందో లేత్ షాపువారే కొలిచి చెప్పాలి, బోరింగు కూడా వారి యంత్రం మీదే జరగాలి. బ్లాకును ట్రాలీ ఆటోలో ఆటోనగర్‌కు పంపాము. అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్లతో అది తిరిగి వచ్చింది.

తిరిగి ఎక్కించిన రోజున నేను మొదట బిగించినది ఆ ఎర్త్ పట్టీనే, రెండు కొసలనూ గరుకు కాగితంతో తోమి మరీ బిగించాను. దానిని మరిచిపోతే స్టార్టర్ లాగే కరెంటు చోక్ కేబుల్ గుండానో, ఆక్సిలరేటర్ కేబుల్ గుండానో దారి వెతుక్కుంటుందని, అవి కాలి అతుక్కుపోయిన బండ్లను తాను చూశానని మేస్త్రిగారు అన్నారు. ప్లగ్గులు తీసేసి, ఆయిల్ దీపం ఆరేంత వరకు స్టార్టర్ తిప్పి, ప్లగ్గులు బిగించి మళ్ళీ తిప్పితే మూడోసారికి ఇంజిన్ అందుకుంది. బిగించేటప్పుడు పూసిన నూనె కాలి పది నిమిషాలు పొగ వచ్చింది, తరువాత ఆగిపోయింది.