కొమాట్సులో ఒక డంపర్ పక్కన

క్యోటోలో థండర్‌బర్డ్ ఎక్కితే ఒకప్పుడు నేరుగా కొమాట్సులో దిగేవారు. 2024 మార్చిలో షింకాన్‌సెన్ బుల్లెట్ రైలు మార్గాన్ని త్సురుగా దాకా పొడిగించిన తరువాత ఆ రైలు అక్కడికే పరిమితమైంది. పెట్టె చేతపట్టుకుని పై అంతస్తుకు పరుగెత్తి మరో రైలు అందుకోవాలి, పైగా ఛార్జీ మునుపటికన్నా ఎక్కువ. ఇంత అవస్థపడి ఆ చిన్న ఊరికి వెళ్లడానికి కారణం మా నాన్న. ఆయన ఇల్లందు ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డోజర్ నడిపారు. దాని మీద మన దేశపు యంత్రాల సంస్థ బీఈఎంఎల్ పేరు ఉన్నా ఆ యంత్రం వెనుక ఉన్న పరిజ్ఞానం ఈ ఊరి పేరే పెట్టుకున్న జపాను సంస్థ కొమాట్సుదని ఆయన చెబుతుంటే విని పెరిగాను.

స్టేషను తూర్పు ద్వారం దాటగానే ఆ సంస్థ ప్రదర్శన ప్రాంగణం కొమాట్సు-నో-మోరి కనిపిస్తుంది. మూసివేసిన పాత కర్మాగారం స్థలంలో 2011లో దీన్ని తెరిచారు. ప్రవేశం ఉచితమని తెలిశాక రైలు మీద కోపం కొంత తగ్గింది.

అక్కడ నిలిపి ఉంచిన 930ఈ డంపర్ ఎత్తు 7 మీటర్లు దాటుతుంది, అంటే మా కాలనీ రెండంతస్తుల క్వార్టర్లంత. దాదాపు 290 టన్నులు మోస్తుంది. మా వైపు వంద టన్నుల బండి వస్తుంటేనే జీపులు దూరంగా ఆగిపోయేవి. ఇందులో డీజిల్ ఇంజను చక్రాలను నేరుగా తిప్పదు. అది జనరేటరును నడిపితే, ఆ విద్యుత్తుతో వెనుక చక్రాల్లోని మోటార్లు తిరుగుతాయి. ఇవన్నీ ముందే చదివి వెళ్లాను కానీ, మసి, దుమ్ము, డీజిల్ వాసన ఏవీ లేకుండా తళతళలాడుతున్న డంపర్‌ను చూడడం నాకు అసహజంగా తోచింది.

అదే కర్మాగారంలో పనిచేసి విరమణ పొందిన ఒక పెద్దాయన ఫోనులోని అనువాదం సాయంతో నాతో చాలాసేపు మాట్లాడారు. మాది బొగ్గుగనుల ఊరని చెప్పగానే ఆయన సంస్థ పుట్టుక దగ్గరికి వెళ్లారు. సమీపంలోని యూసెంజీ రాగి గనికి యంత్రాలు సమకూర్చడానికి 1917లో తకెయుచి గనుల సంస్థ ఇక్కడ ఒక ఇనుప కర్మశాల పెట్టింది. అదే 1921లో విడివడి కొమాట్సు అయింది. ఖనిజం ఎప్పటికైనా తరిగిపోతుంది కనుక, ఆ తరువాత కూడా ఊరికి పని మిగలాలన్నది వ్యవస్థాపకుడు తకెయుచి మెయితారో ఆలోచన అట. మన సింగరేణి కాలరీస్‌కు ఆ పేరు వచ్చింది 1920లో, దాదాపు అదే కాలంలో. మనవాళ్లు బొగ్గు తవ్వే యంత్రాలను కొంటూ వచ్చారు, వీళ్లు తవ్వే యంత్రాలను అమ్ముతూ వచ్చారు. రాగి కోసం మొదలైన ఆ కర్మశాల నుంచి పెరిగిన సంస్థ ఇప్పుడు ప్రపంచమంతటి గనులకూ యంత్రాలు పంపుతోంది.

అయితే ఆ పెద్దాయన మాటలకు పూర్తిగా తలూపలేకపోయాను. డ్రైవరు లేకుండా తిరిగే డంపర్లను ఇదే సంస్థ 2008లో చిలీలోని గాబ్రియేలా మిస్త్రాల్ రాగి గనిలో దించింది. కొమాట్సు ఊరి పని నిలబడితే నిలబడవచ్చు గానీ, గని ఊళ్లలో మా నాన్న వంటి ఆపరేటర్ల సంగతేమిటని అడిగాను. ప్రమాదాలు తగ్గుతాయని ఆయన జవాబిచ్చారు. అది నిజమే, కానీ నేను అడిగినది అది కాదు.

మధ్యాహ్నం తిందామనుకున్న కొమాట్సు ఉడాన్ నూడుల్స్ పులుసు చేపలతో కాచినదని తెలిసి, దుకాణంలో రెండు అన్నం ముద్దలు కొనుక్కుని రైలెక్కాను. దారిలో నాన్నకు ఫోన్ చేసి డంపర్ బరువు చెప్పాను. ఆయన మాత్రం దాని టైరు ఖరీదెంతో కనుక్కున్నావా అని అడిగారు.