రుబిస్కో ప్లాస్మిడ్: జన్యువు ఒక్కటే చాలదు

గాలిలోని కార్బన్ డయాక్సైడును మొక్కలు పిండిపదార్థంగా మార్చుకునే క్రమంలో అసలు మెలిక రుబిస్కో అనే ఎంజైము దగ్గర ఉంది. అయిదు కార్బన్లున్న రిబులోజ్ బిస్‌ఫాస్ఫేట్‌కు ఒక కార్బన్ డయాక్సైడును చేర్చి, మూడేసి కార్బన్లున్న అణువులు రెండింటిని ఇది తయారు చేస్తుంది. దీన్ని ఈ. కోలి బాక్టీరియాలో ఉత్పత్తి చేయాలనుకునే విద్యార్థుల తొలి ప్రణాళిక దాదాపు ఒకేలా ఉంటుంది: జన్యువును ఈ. కోలికి అనువైన కోడాన్లతో (అమైనో ఆమ్లాలను సూచించే మూడక్షరాల సంకేతాలతో) తయారు చేయించి, పెట్-28ఏ అనే ప్లాస్మిడ్‌లో (కణంలో విడిగా ఉండే గుండ్రని డీఎన్ఏలో) చేర్చి, బీఎల్21(డీఈ3) అనే ఈ. కోలి రకం కణాల్లోకి పంపి, జన్యువును పనిచేయించే ఐపీటీజీ అనే రసాయనం వేయడం. ఎన్నో ఎంజైములకు అంతే చాలు. రుబిస్కోకు మాత్రం చాలదు.

టీ7 అనే వైరస్ ఎంజైముతో జన్యువును చదివించే, 1986లో స్టడియర్, మొఫాట్ వివరించిన పద్ధతి మీద ఆధారపడిన ఈ ప్లాస్మిడ్‌కు వేగమే బలం. ఆ వేగమే ఇక్కడ చిక్కు తెస్తుంది. మొక్కల్లోనూ సయనోబాక్టీరియాలోనూ ఉండే రుబిస్కోలో ఎనిమిది పెద్ద ప్రోటీన్ గొలుసులు, ఎనిమిది చిన్న గొలుసులు సరిగ్గా మడతపడి ఒకదానితో ఒకటి కూడుకోవాలి. గొలుసులు మడతపడేలోపే కుప్పలుగా తయారైతే అవి ముద్దకట్టి, సెంట్రిఫ్యూజ్ చేసినప్పుడు గొట్టం అడుగుకు చేరతాయి. ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి వేరుచేసే జెల్ మీద 55 కిలోడాల్టన్ల (పెద్ద గొలుసు బరువు) దగ్గర దట్టమైన పట్టీ కనిపించగానే సంబరపడకూడదు. ఆ పట్టీ పైతేటలో ఉందా, అడుగు మడ్డిలో ఉందా అన్నదే ప్రశ్న.

సయనోబాక్టీరియా రుబిస్కో ఈ. కోలిలో కూడుకోవడానికి గ్రోఈఎల్, గ్రోఈఎస్ ప్రోటీన్లు రెండూ తోడ్పడతాయని 1989లో గోలుబినాఫ్, గేటెన్‌బీ, లోరిమర్ చూపించారు. గ్రోఈఎల్ ఒక గిన్నె అనుకుంటే గ్రోఈఎస్ దాని మూత. లోపల చిక్కిన గొలుసుకు ఇతర గొలుసుల తాకిడి లేకుండా మడతపడే అవకాశం దొరుకుతుంది. ఈ. కోలికి ఈ రెండూ స్వతహాగా ఉన్నా, టీ7 వేగానికి అవి చాలవు కాబట్టి వీటి జన్యువులుండే పీగ్రో7 వంటి రెండో ప్లాస్మిడ్‌ను జోడించాలి. రెండు ప్లాస్మిడ్లు ఒకే కణంలో నిలవాలంటే వాటి ప్రతికృతి మూలాలు (నకలు మొదలయ్యే డీఎన్ఏ భాగాలు) వేరువేరుగా ఉండాలి, వాటిని నిలబెట్టే యాంటీబయోటిక్‌లూ వేరుగా ఉండాలి: పెట్-28ఏకు కనామైసిన్, పీగ్రో7కు క్లోరాంఫెనికాల్. ముందుగా పీగ్రో7 జన్యువులను పనిచేయించే అరబినోజ్ అనే చక్కెర వేసి, మడత సహాయకులైన గ్రోఈఎల్, గ్రోఈఎస్‌లను సిద్ధం చేసుకుని, కల్చర్‌ను చల్లబరిచాకే ఐపీటీజీ వేయడం మంచిదని నా అభిప్రాయం. విదేశీ ప్రోటోకాల్ "గది ఉష్ణోగ్రత" అని రాస్తే మే నెల హైదరాబాద్‌లో దాన్ని అక్షరాలా పాటించకండి. చల్లబరిచే సదుపాయమున్న షేకర్‌ను ముందే బుక్ చేసుకుని 18 డిగ్రీల దగ్గర పెట్టండి.

మొక్క రుబిస్కో మరింత మొండిది. 2017లో మనాజిత్ హేయర్-హార్ట్‌ల్ బృందం అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క రుబిస్కోను ఈ. కోలిలో తయారు చేయడానికి క్లోరోప్లాస్ట్ చాపెరోనిన్‌తో (గ్రోఈఎల్ లాంటి మడత సహాయకంతో) పాటు రాఫ్1, రాఫ్2, ఆర్‌బీసీఎక్స్, బీఎస్‌డీ2 అనే సహాయకులను కూడా అందించవలసి వచ్చింది. అందుకే కొత్తవారు రెండే పెద్ద గొలుసులున్న రోడోస్పిరిల్లమ్ రూబ్రమ్ అనే బాక్టీరియా రుబిస్కోతో మొదలుపెట్టడం మేలు.

ఎంజైము కుదిరినంత మాత్రాన ఈ. కోలి గాలి తిని బతకదు. దానికి రిబులోజ్ బిస్‌ఫాస్ఫేట్ సొంతంగా తయారు కాదు. దాన్ని తయారు చేసే ఫాస్ఫోరిబులోకైనేజ్ అనే ఎంజైము జన్యువును కూడా ఇస్తే అది తయారవుతుంది, కాని వాడుకునే దారి లేక కణంలో పేరుకుపోయి పెరుగుదలను అడ్డుకుంటుంది. పనిచేసే రుబిస్కో ఉంటే ఆ భారం తగ్గి, పరిస్థితులు అనుకూలిస్తే కాలనీ పెరుగుతుంది. మెరుగైన రుబిస్కో రూపాలను ఏరడానికి ఇంతకన్నా తెలివైన ఉపాయం నాకు తోచదు. అయితే బాక్టీరియా మనకన్నా గడుసుది: రుబిస్కోను బాగుచేసుకోవడం కన్నా కైనేజ్ జన్యువును పాడుచేసుకోవడమే దానికి సులువు. కాబట్టి పెరిగిన ప్రతి కాలనీ నుంచి ప్లాస్మిడ్‌ను తీసి, ముందు కైనేజ్ జన్యువును సీక్వెన్స్ చేయించి, అది చెక్కుచెదరకుండా ఉందని తేలాకే రుబిస్కో కొలతలకు దిగాలి.