అంతర్వేది స్నానానికి కాంటాక్ట్ లెన్సులతో వెళ్లను

మా ఇంట్లో అంతర్వేది అంటే మూడు మునకలు తప్పవు. నేను మాత్రం లెన్సులు ఇంటి దగ్గరే తీసేసి కళ్లజోడుతో వెళ్తాను. అక్కడ అది అమ్మ చేతికిచ్చి, మసకమసకగానే నీళ్లలోకి దిగుతాను. "అలా తడుముకుంటావేంటే?" అని అత్తయ్య నవ్వుతుంది. నవ్వనీ! గోదావరి నీళ్లలోనే కాదు, కుళాయి నీళ్లలోనూ అకాంథమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. అది లెన్సుకి అంటుకుని కార్నియాలోకి, అంటే కంటి ముందుండే పారదర్శక పొరలోకి చేరితే చూపే పోయే ప్రమాదం. అందుకే లెన్సులకీ, వాటి డబ్బీకీ నీళ్లు తగలనివ్వను. లెన్సులు నానబెట్టే సొల్యూషన్ కూడా ప్రతిసారీ కొత్తది పోయాల్సిందే, పాతదాంట్లో కాస్త కలిపితే సరిగ్గా పనిచేయదు.

నరసాపురంలో రాత్రి రైలెక్కేటప్పుడూ కళ్లజోడే. లెన్సులతో నిద్రపోతే కంటికి ఆక్సిజన్ తగ్గి ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. పైగా ఊగే రైల్లో వాష్‌బేసిన్ దగ్గర ఆ కుస్తీ ఎవరు పడతారు?

కోతలప్పుడు ఏటిగట్టు మీద బండి ప్రయాణమంటేనే నాకు టెన్షన్. వరి నూగు, దుమ్ము. హెల్మెట్ అద్దం దించాల్సిందే. కన్ను ఎర్రబడి నొప్పి పెడితే మాత్రం లెన్సు తీసేసి, మందుల షాపు చుక్కలతో సరిపెట్టకుండా, అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.