ఆర్సీ కార్డు కోసం నాలుగున్నర నెలలు, నేపాల్‌కు పదిహేడు రోజులు: నా అనుభవం

హన్మకొండ నుంచి పోఖరా దాకా బండి మీద పోయి రావడానికి నాకు పట్టింది పదిహేడు రోజులు. దానికి ముందు ఒక్క ఆర్సీ కార్డు చేతికి రావడానికి నాలుగున్నర నెలలు పట్టింది. అందుకే ఇందుల రోడ్డు కన్నా కాయితాల ముచ్చటే ఎక్కువ.

నేపాల్‌కు మనకు వీసా లేదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలె, ఆధార్ ఒక్కటే పట్టుకొని పోకండ్రి. కార్నెట్ (బండిని వేరే దేశం తీసుకపోయేటప్పుడు అడిగే కస్టమ్స్ పూచీ కాయితం), ఇంటర్నేషనల్ లైసెన్సు అక్కర్లేదు. బండికి మాత్రం సరిహద్దుల భన్సార్ చీటీ తీసుకోవాలె. భన్సార్ అంటే వాళ్ల కస్టమ్స్. దానికి ఒరిజినల్ ఆర్సీ అడుగుతరు. ఇక్కడ పోలీసులు ఆపితే ఫోన్‌ల ఆర్టీఏ వాళ్ల ఎం-వాలెట్ యాప్ చూపిస్తం, సరిపోతది. ఆ అలవాటుకే కార్డు ఎక్కడ పెట్టినమో సోయి ఉండదు. నాది ఇల్లు మారినప్పుడు పోయింది.

డూప్లికేట్ ఆర్సీకి ఫారం 26, మీసేవల తీసుకున్న పోలీసు రిపోర్టు, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కావాలె. పెండింగ్ చలాన్లు ముందే కట్టెయ్యాలె. ఇదంత ఒక్కరోజు పని. కాని బండి ఫైనాన్స్‌ల తీసుకున్నదైతే ఫారం 26 మీద ఫైనాన్స్ కంపెనీ సంతకం, ముద్ర పడాలె. నా లోను 2024లనే తీరింది. తీరినంత మాత్రాన ఆర్టీఏ రికార్డుల కెల్లి హైపోథికేషన్, అంటే బండి మీద ఫైనాన్స్ కంపెనీకి రాయించిన హక్కు, దానంతట అదే పోదు. కంపెనీ ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాయితం), ఆ హక్కు తీసెయ్యమనే ఫారం 35 రెండు కాపీలు ఇస్తే మనమే పోయి తీయించుకోవాలె. ఆఖరి కిస్తీ కట్టిన నాడు ఈ మాట నాకు ఎవ్వరూ చెప్పలే.

ఫైనాన్స్ ఆఫీసుల ఏమన్నరంటే: "లోను క్లోజైంది, ఇప్పుడు మీరు మా కస్టమర్ కాదు, ఫారం 26 మీద సంతకం పెట్టం. ముందు హైపోథికేషన్ తీయించుకోండి." తీయించుకుందామని ఆర్టీఏకు పోతే ఒరిజినల్ కార్డు పెట్టమన్నరు. కార్డు కావాలంటే సంతకం, సంతకం కావాలంటే కార్డు. నాలుగు సార్లు తిరిగిన. మూడోసారి ఫైనాన్స్ ఆఫీసోళ్లు కంప్యూటర్ల చూసి, పాత చెక్కు బౌన్సు చార్జి 472 రూపాయలు బాకీ ఉన్నది, అది కడితేనే ఎన్ఓసీ అన్నరు. లోను క్లోజ్ అయిందని వాళ్లే ఇచ్చిన ఉత్తరం నా చేతులనే ఉన్నది. కార్డు ఎందుకని అడిగితే నేపాల్ ప్రయాణమని చెప్పిన. కౌంటరుల కూసున్న పిలగాడు "అక్కడ అమ్మేసి వస్తరా ఏంది?" అని గట్టిగ అన్నడు. నా ఎనుక లైన్ల ఉన్నోళ్లందరు నా మొఖం చూసిండ్రు. ముప్పై ఆరు కిస్తీలు కట్టిన మనిషితోని మాట్లాడే తీరా అది? బయటికొచ్చి బండి మీద కూసున్న గాని, కిక్కు కొట్టబుద్ధి కాలే.

అయితే దీనికి ఒక తొవ్వ ఉన్నది. రిజర్వ్ బ్యాంకు 2023 సెప్టెంబరుల ఒక ఆర్డరు ఇచ్చింది. 2023 డిసెంబర్ 1 నుంచి అమలు. లోను పూర్తిగ తీరిన 30 రోజుల్లోపు కాయితాలు వాపస్ ఇయ్యాలె, రిజిస్టర్ల రాయించిన హక్కు తీసెయ్యాలె. ఆలస్యం వాళ్ల వల్లనైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మనకు కట్టియ్యాలె. ఆ 472 కట్టి రసీదు తీసుకున్న (దాని మీద కొట్లాడితే ఇంకో నెల పోతది). లోను నంబరు, క్లోజ్ అయిన తారీఖు, ఈ ఆర్డరు సంగతి ఒక్క పేజీల రాసి కంపెనీల కంప్లైంట్లు చూసే నోడల్ ఆఫీసరుకు మెయిల్ పెట్టిన. 30 రోజులల్ల జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు కంప్లైంట్ పోర్టల్‌ల వేస్తనని కిందనే రాసిన. పదకొండో రోజు ఎన్ఓసీ, ఫారం 35 ఇంటికి వచ్చినయి. అంతకు ముందు ఏజెంటుకు ఇచ్చిన మూడు వేలు మట్టిల పోసినట్టే. ఎవ్వరికీ ఇయ్యకండ్రి.

వచ్చినయని సంబరపడే లోపల చూస్తే, ఎన్ఓసీల చాసిస్ నంబరు తప్పు పడ్డది. సున్నా ఉండాల్సిన జాగల ఇంగ్లీషు 'ఓ' కొట్టిండ్రు. పదిహేడు అంకెల చాసిస్ నంబరుల ఓ, ఐ, క్యూ అక్షరాలు అసలే ఉండవు. సున్నాతోని, ఒకటితోని కలవొద్దనే వాటిని పక్కకు పెట్టిండ్రు. అందుకని ఎన్ఓసీ చేతికి రాంగనే ఒక్కొక్క అక్షరం ఎం-వాలెట్‌తోని సరిచూసుకోండ్రి. ఎన్ఓసీ గడువు మూడు నెలలే, మల్ల రాయించుకునే లోపల దగ్గరపడుతది. సంతకం బదులు కొత్త ఎన్ఓసీ జత చేస్తే ఆర్టీఏల ఫారం 26 తీసుకున్నరు. ఆ తర్వాత ఫారం 35 పెట్టిన.

బండి క్లాసిక్ 350. ముందటికి 19, ఎనుకకు 18 అంగుళాల ట్యూబులు చెరొకటి పెట్టుకున్న. కొత్త క్లచ్ వైరును పాతదాని పక్కనుంచే గుంజి కట్టిన, తెగితే రెండు కొసలు మార్చుకుంటే చాలు. 500 కిలోమీటర్లకొకసారి చైనుకు ఆయిల్. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ మీదుగ 44 నంబరు హైవే ఎక్కి నాగపూర్, జబల్‌పూర్, రీవా, ప్రయాగ్‌రాజ్, గోరఖ్‌పూర్, సరిహద్దు ఊరు సునౌలీ. ఐదు రోజులు, ఏ తక్లీఫు లేదు.

సునౌలీల లారీల లైను చూసి ఎనుక నిలబడకండ్రి, బండ్లు పక్కనుంచి పోతయి. గేటు దాటితే బెలహియా, అక్కడనే భన్సార్. కార్డు, లైసెన్సు, ఓటరు కార్డు చూపించి, ఎన్ని రోజులో చెప్పి, రోజుల లెక్కన పైసలు కడితే చీటీ ఇస్తరు. అనుకున్నదాని కన్నా రెండు రోజులు ఎక్కువ రాయించుకోండ్రి, గడువు దాటితే జుర్మానా. మన వంద వాళ్ల 160. నేను వంద నోట్లే పెట్టుకున్న. గడియారం పదిహేను నిమిషాలు ముందుకు తిప్పుకోవాలె. బుట్వల్ దాటినంక సిద్ధబాబా దగ్గర కొండ మీది కెల్లి రాళ్లు పడుతయి, వాన కాలంల ఆ తొవ్వ వద్దు.

తిండికి పెద్ద హోటళ్లు వెతకకండ్రి. రోడ్డు పక్క ఇండ్లల్ల పొద్దున పదింటికే దాల్ భాత్ తయారు. అన్నం, పప్పు, కూర మల్ల మల్ల వడ్డిస్తరు. ఎంగిలిని వాళ్లు 'జుఠో' అంటరు, పట్టింపు మనకన్నా ఎక్కువ. మీ పళ్లెంల గంటె వేరేవాళ్ల గిన్నెల ముంచొద్దు. మోమోలల్ల బఫ్ అంటే బర్రె మాంసం. కోడి కావాలంటే 'కుఖురా', మేక కావాలంటే 'ఖసీ' అనాలె. పాల్పా జిల్లాల చుకౌనీ తప్పక తినండ్రి: ఉడికిన ఆలుగడ్డ, పెరుగు, ఉల్లిగడ్డ, పైన పసుపు తాలింపు.

ఢిడో అని మక్కపిండితోనో తైదపిండితోనో గెలికి పెడుతరు. మన గట్కకు తోబుట్టువే. గట్కల రవ్వ పలుకు తగులుతది, ఇది పిండి కాబట్టి మెత్తగ ఉంటది. ముద్ద తెంపి పులుసుల ముంచి నమలకుండ మింగాలె. ఆ పులుసు గుంద్రుక్‌ది, అంటే పులియబెట్టి ఎండబెట్టిన ఆవాకు.

వాపస్ వచ్చేటప్పుడు బెలహియాల చీటీ అప్పజెప్పి పావుకిలో గుంద్రుక్ తెచ్చిన. పది నిమిషాలు నానబెట్టి, నీళ్లు పిండేసి, కందిపప్పుల వేసి, ఎల్లిపాయతోని తాలింపు పెట్టినం. పులుపు గోంగూరంత లేదు, చింతపండు కొద్దిగ పిసికితే సరిపోయింది.