జాగ్రఫీ ఆప్షనల్: రీజనల్ ప్లానింగ్‌లో నన్ను గట్టెక్కించిన దక్షిణ ఇటలీ

సివిల్స్ రిజల్ట్ వచ్చిన దగ్గర్నుంచి మెసేజ్‌లు ఆగట్లేదు. ఎక్కువమంది అడుగుతున్నది ఒకటే: "అన్నా, జాగ్రఫీ పేపర్ వన్‌లో అన్ని మార్కులు ఎలా వచ్చాయి? రీజనల్ ప్లానింగ్‌కి ఏ నోట్స్ చదివారు?" ప్రిలిమ్స్ గురించి, సీశాట్ గురించి, ఎస్సే గురించి నాకన్నా బాగా చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నేను ఆ ఒక్క టాపిక్ గురించే, అంటే ప్రాంతాల మధ్య అభివృద్ధి తేడాల్ని ఎలా తగ్గించాలన్న రీజనల్ ప్లానింగ్ గురించే రాస్తాను. నా ప్రిపరేషన్ మలుపు తిరిగింది అక్కడే.

ముందటి అటెంప్ట్‌లో మెయిన్స్ దగ్గరే ఆగిపోయాను. మార్కులు వచ్చాక చూస్తే జీఎస్ పేపర్లు ఫర్వాలేదు, ఆప్షనల్ పేపర్ వన్ దెబ్బ కొట్టింది. సెక్షన్ బీ సంగతి మీకు తెలిసిందే. పెరాక్స్ గ్రోత్ పోల్ (ఒక చోట పెద్ద పరిశ్రమ పెడితే చుట్టూ అభివృద్ధి పాకుతుంది), మిర్డాల్ బ్యాక్‌వాష్ (బలమైన చోటు బలహీనమైన చోటి మనుషుల్ని, డబ్బుని లాగేసుకుంటుంది), హర్ష్‌మన్ ట్రికిల్ డౌన్ (ఎదిగిన చోటి లాభం మెల్లగా మిగతా చోట్లకి చేరుతుంది), ఫ్రీడ్‌మన్ కోర్-పెరిఫెరీ (బలమైన కేంద్రం, దాని మీద ఆధారపడ్డ అంచు). అశోక్‌నగర్‌లో ఏ జిరాక్స్ షాపుకి వెళ్ళినా అవే నాలుగు పేర్లు, అవే నాలుగు డయాగ్రమ్‌లు. అందరూ అదే రాస్తే ఎగ్జామినర్ ఎవరికని ఎక్కువ వేస్తాడు? తర్వాత చేరిన టెస్ట్ సిరీస్‌లో పేపర్ దిద్దిన మేడం నా ఆన్సర్ పక్కన ఎర్ర పెన్నుతో ఒక్క ముక్క రాశారు: "ఇదంతా ఎక్కడ జరిగింది?" ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు.

మనందరి నోట్స్‌లో చివర ఒక ముక్క ఉంటుంది: "ఉదా: దక్షిణ ఇటలీ". దాన్ని పట్టుకుని లాగడం మొదలుపెట్టాను. చిక్కడపల్లి లైబ్రరీలో అట్లాస్ ముందు పెట్టుకుని వారాల తరబడి దాంతోనే కూర్చున్నాను. పక్క కుర్చీలో గ్రూప్స్‌కి చదివే తమ్ముడొకడు ఉండేవాడు. "అన్నా, అంత డబ్బున్న యూరప్‌లో వెనకబాటేంటి? అయినా అది మనకెందుకు?" అనేవాడు. డబ్బున్న చోట కూడా వెనకబాటు ఎందుకు మిగిలిపోతుందో చెప్పగలిగితే రీజనల్ ప్లానింగ్ సగం వచ్చేసినట్టే. అప్పుడు వాడికి అంత గట్టిగా చెప్పలేకపోయాను గానీ, ఇప్పుడు చెప్పగలను.

విషయం ఇదీ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఉత్తర ఇటలీ మిలాన్, ట్యూరిన్, జెనోవా ఫ్యాక్టరీలతో దూసుకుపోతోంది. నేపుల్స్ నుంచి కిందికి సిసిలీ, సార్డీనియా దాకా ఉన్న దక్షిణ ప్రాంతాన్ని మెజ్జోజోర్నో అంటారు. అక్కడ భూమి కొద్దిమంది చేతుల్లో, మిగతావాళ్ళకి కూలి లేదా వలస. 1950లో ఇటలీ ప్రభుత్వం ఈ ప్రాంతం కోసమే కాసా పెర్ ఇల్ మెజ్జోజోర్నో అనే ప్రత్యేక నిధి పెట్టింది. మొదటి ఏళ్ళు సాగునీరు, రోడ్లు, తాగునీరు, భూసంస్కరణ. 1957 నుంచి పరిశ్రమల మీదికి తిరిగింది. టరంటోలో పెద్ద ప్రభుత్వ ఉక్కు కర్మాగారం 1965లో ప్రారంభమైంది. నేపుల్స్ పక్కన పోమిల్యానోలో ఆల్ఫాసుద్ కార్ల ఫ్యాక్టరీ 1972లో ఉత్పత్తి మొదలుపెట్టింది. మనం పేపర్ మీద గీసే గ్రోత్ పోల్ అక్కడ నేల మీద కట్టారు.

ఫలితం ఏమైంది? చాలామంది మొదటి లైన్లోనే "ఫెయిల్యూర్" అని రాసేస్తారు. అది తప్పు, అన్యాయం కూడా. 1950లు, 60లలో ఉత్తర దక్షిణాల మధ్య తేడా నిజంగానే తగ్గింది. 1970లలో చమురు సంక్షోభం, వెనకే ఉక్కు సంక్షోభం వచ్చాక ఆ దగ్గరవడం ఆగిపోయింది. ఎందుకంటే కర్మాగారం చుట్టూ అల్లుకోవాల్సిన చిన్న పరిశ్రమలు తగినన్ని అల్లుకోలేదు. సరుకులు, లాభాలు ఉత్తరంతోనే ముడిపడి ఉండిపోయాయి. మిర్డాల్ చెప్పిన స్ప్రెడ్ (చుట్టూ పాకే లాభం) రావాల్సిన చోట బ్యాక్‌వాషే మిగిలింది. ఇలాంటి ఫ్యాక్టరీలకి ఇటలీ వాళ్ళు పెట్టుకున్న పేరు "ఎడారిలో కేథడ్రళ్ళు". ఈ ఒక్క మాట ఆన్సర్‌లో పడితే చాలు, దిద్దేవాళ్ళ కన్ను అక్కడ ఆగుతుంది.

జోయా తౌరో సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. 1970లో కలాబ్రియా ప్రాంతానికి రాజధాని రెజ్జోలో కాకుండా కటంజారోలో పెడతామన్నారు. రెజ్జోలో నెలల తరబడి అల్లర్లు జరిగాయి. (రాజధాని ఎక్కడ అన్న ప్రశ్న ఎంత దూరం పోతుందో మనకి వేరే చెప్పక్కర్లేదు.) జనాన్ని శాంతింపజేయడానికి ప్రభుత్వం అదే కలాబ్రియాలోని జోయా తౌరోలో ఉక్కు కర్మాగారం పెడతామని మాటిచ్చింది. దానికోసం తోటలు కొట్టేశారు. కర్మాగారం మాత్రం రాలేదు. అక్కడ తవ్విన రేవు చాలా ఏళ్ళు ఊరికే పడి ఉండి, 1995 నుంచి కంటైనర్ పోర్టుగా పనికొచ్చింది. లెక్క చూసి కాకుండా రాజకీయం చూసి పెట్టే పెట్టుబడికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక టరంటో. అదే కర్మాగారం కాలుష్యం వల్ల పక్కనున్న తంబూరి బస్తీ జనం ఆరోగ్యం దెబ్బతింది. 2012లో కోర్టు ప్లాంటులో కొంత భాగాన్ని సీజ్ చేయమంది. ఇప్పుడు యూరోపియన్ యూనియన్ జస్ట్ ట్రాన్సిషన్ ఫండ్ (కాలుష్య పరిశ్రమల నుంచి మారాల్సిన ప్రాంతాలకిచ్చే నిధి) కింద ఇటలీలో ఎంచుకున్న రెండు ప్రాంతాల్లో టరంటో ఒకటి, సార్డీనియాలోని సుల్చిస్ రెండోది. ఒకప్పుడు అభివృద్ధి కోసం డబ్బు పోసిన చోటే, దాని దుష్ఫలితాలు సర్దడానికి మళ్ళీ డబ్బు పోయాల్సి వస్తోంది. సిలబస్‌లో "ఎన్విరాన్‌మెంటల్ ఇష్యూస్ ఇన్ రీజనల్ ప్లానింగ్" అని ఉంది చూడండి, దానికి ఈ పేరా సరిగ్గా సరిపోతుంది.

మ్యాప్ తప్పకుండా వేయండి. నేను బూటు ఆకారం గీసి మూడు చుక్కలు పెట్టేవాణ్ణి: మడమ లోపలి వంపులో టరంటో, కాలి వేళ్ళ దగ్గర జోయా తౌరో, చీలమండ పైన పోమిల్యానో. నేపుల్స్ పైన ఒక అడ్డగీత. పెన్సిల్‌తో నిమిషం లోపే వచ్చేదాకా ప్రాక్టీస్ చేశాను.

ఇదంతా ఒక దేశం లోపలి సంగతి. ఇదే సమస్యని యూరప్ మొత్తం మీద ఎలా పట్టుకున్నారో చూడటం రెండో మెట్టు. ఇప్పటి యూరోపియన్ యూనియన్‌కి పునాది వేసిన 1957 రోమ్ ఒప్పందం పీఠికలోనే ప్రాంతాల మధ్య తేడాలు తగ్గించాలని రాసుకున్నారు. కానీ దానికంటూ ప్రత్యేక నిధి, యూరోపియన్ రీజనల్ డెవలప్‌మెంట్ ఫండ్, వచ్చింది 1975లో, బ్రిటన్, ఐర్లండ్, డెన్మార్క్ చేరిన తర్వాత. 1986లో స్పెయిన్, పోర్చుగల్ వచ్చాయి. అప్పటికే సింగిల్ మార్కెట్ తయారవుతోంది. సరిహద్దులు తీసేస్తే పెట్టుబడి, చదువుకున్న కుర్రాళ్ళు బలమైన ప్రాంతాలకే పోతారన్న భయం. దానికి జవాబుగా జాక్ డెలోర్ యూరోపియన్ కమిషన్ (యూనియన్‌ని నడిపే పాలనా విభాగం) అధ్యక్షుడిగా ఉండగా 1988లో పెద్ద సంస్కరణ తెచ్చి, స్ట్రక్చరల్ ఫండ్స్‌ని, అంటే ఈ ప్రాంతీయ సాయం నిధుల్ని, రెట్టింపు చేశారు. కాన్సన్‌ట్రేషన్ (అవసరమైన చోటే డబ్బు పోగుచేయడం), ప్రోగ్రామింగ్ (కొన్నేళ్ళ ప్లాన్‌తో ఖర్చు చేయడం), పార్ట్‌నర్‌షిప్ (కమిషన్, దేశం, ప్రాంతం కలిసి నిర్ణయించడం), ఎడిషనాలిటీ అనే నాలుగు సూత్రాలు అప్పటివే. నాలుగోది బాగా అర్థం చేసుకోండి. యూరప్ డబ్బు వచ్చింది కదా అని దేశం తన సొంత ఖర్చు తగ్గించుకోకూడదు. వెనకబడిన ప్రాంతాల కోసం వచ్చిన నిధులు వేరే ఖర్చులకి మళ్ళిపోవడం మనం చూసినవాళ్ళమే, కాబట్టి దీని విలువ మనకి తొందరగా ఎక్కుతుంది.

అంకెలు ఎక్కువ అక్కర్లేదు. 2021-27 కాలానికి కొహీషన్ పాలసీకి (ప్రాంతాల మధ్య తేడాలు తగ్గించే ఈ విధానానికే ఇప్పుడు ఆ పేరు) సుమారు 39,200 కోట్ల యూరోలు, అంటే యూనియన్ బడ్జెట్‌లో దాదాపు మూడో వంతు. తలసరి జీడీపీ యూరప్ సగటులో 75 శాతం లోపుంటే వెనకబడిన ప్రాంతం, 75 నుంచి 100 మధ్య ఉంటే ట్రాన్సిషన్, ఆపైన అభివృద్ధి చెందిన ప్రాంతం. వెనకబడిన చోట ప్రాజెక్టు ఖర్చులో 85 శాతం దాకా యూరప్ భరిస్తుంది, ధనిక ప్రాంతాల్లో మామూలుగా 40 శాతమే.

అంకెతో పాటు దాని లోపం కూడా చెప్పాలి. పోలండ్‌లో వార్సా, చుట్టుపక్కల పల్లెలు మజోవ్యా అనే ఒకే ప్రాంతంగా ఉండేవి. వార్సా సంపాదన వల్ల సగటు పెరిగిపోయి, పేద పల్లెలకి కూడా నిధులు తగ్గే పరిస్థితి వచ్చింది. అందుకని 2018 నుంచి గణాంకాల కోసం వార్సాని, మిగతా మజోవ్యాని విడగొట్టారు. ఐర్లండ్ సంగతి ఇంకోలా ఉంది. బహుళజాతి కంపెనీలు ఆస్తుల్ని అక్కడికి మార్చడంతో 2015లో ఐర్లండ్ జీడీపీ ఒక్క ఏడాదిలో 26 శాతం పెరిగినట్టు చూపించింది. మామూలు ఐరిష్ కుటుంబం ఆదాయం అలా పెరగలేదు. తలసరి జీడీపీ మీదే న్యాయం నిలబెట్టలేమని చెప్పడానికి ఈ రెండూ చాలు.

"గ్రోత్ వర్సెస్ ఈక్విటీ" అని ప్రశ్న వస్తే నేను 2009తో మొదలుపెట్టేవాణ్ణి. ఆ ఏడాదే ప్రపంచ బ్యాంకు నివేదిక అభివృద్ధి కొన్ని చోట్ల పోగుపడటం సహజమంది, మనుషులు అక్కడికి కదలడానికి అడ్డులేకుండా చూడమంది. అదే ఏడాది ఇటలీ ఆర్థికవేత్త ఫాబ్రిజియో బార్కా యూరోపియన్ కమిషన్‌కి ఇచ్చిన నివేదిక, ప్రతి చోటా వాడని శక్తి ఉంటుందని, దాన్ని స్థానిక సంస్థలతో కలిసి వెలికితీయాలని వాదించింది. నేను రెండో పక్షం. మాది శ్రీకాకుళం. మా ఊళ్ళో సగం ఇళ్ళ మగవాళ్ళు విశాఖలో, హైదరాబాద్‌లో, చెన్నైలో పనిచేస్తున్నారు. విభజన చట్టం తర్వాత వెనకబడిన జిల్లాలుగా ప్రత్యేక సాయానికి గుర్తించిన ఏడింటిలో మాదీ ఒకటి. 2024లో ఇటలీ మాజీ ప్రధాని ఎన్రికో లెట్టా తన నివేదికలో "ఉన్న చోటే ఉండే స్వేచ్ఛ" గురించి రాశారు. యూరప్‌లో ఎక్కడికైనా వెళ్ళే స్వేచ్ఛ ఎంత ముఖ్యమో, వెళ్ళక తప్పని పరిస్థితి లేకపోవడం అంతే ముఖ్యమని. ఆ లైన్ చదివిన రోజు నోట్స్ మూసేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

పబ్లిక్ ఇన్వెస్ట్‌మెంట్ భాగం త్వరగా చెప్పేస్తాను. 2010 తర్వాత అప్పుల సంక్షోభంలో లోటు జీడీపీలో 3 శాతం, అప్పు 60 శాతం దాటకూడదన్న యూనియన్ నిబంధనల ఒత్తిడికి దేశాలు ముందు కోసింది రోడ్లు, బడుల మీద పెట్టే పెట్టుబడినే. పెన్షన్లు, జీతాలు కోయడం కష్టం. పేద సభ్యదేశాల్లో 2014-20 మధ్య పబ్లిక్ ఇన్వెస్ట్‌మెంట్‌లో సగం దాకా కొహీషన్ డబ్బే. కోవిడ్ తర్వాత ఉమ్మడిగా అప్పు తెచ్చి రికవరీ ఫండ్ పెట్టారు. అందులో ఇటలీకి సుమారు 19,400 కోట్ల యూరోలు, దాంట్లో కనీసం 40 శాతం దక్షిణానికని ఇటలీ తన ప్లాన్‌లో చెప్పింది. మళ్ళీ మెజ్జోజోర్నో దగ్గరికే వచ్చాం, చూశారా.

ఇంటర్వ్యూలో ఒక మెంబర్ గారు అడిగారు: "యూరప్ నిధులు బాగా అందిన వేల్స్‌లోని ఎబ్బూ వేల్‌లో జనం బ్రెగ్జిట్‌కే ఓటేశారు. అంటే ఆ డబ్బు వృథా అయినట్టేనా?" ఆ ఊరున్న బ్లైనౌ గ్వెంట్‌లో 62 శాతం మంది బయటికి వెళ్ళిపోదామన్నారు. నేను చెప్పింది ఇది: "సర్, అక్కడి ఉక్కు కర్మాగారం 2002లో మూతపడింది. కొత్త రోడ్డు, కొత్త కాలేజీ వచ్చాయి గానీ, పోయిన ఉద్యోగాలకి సాటైన ఉద్యోగాలు రాలేదు. డబ్బు వచ్చింది, నిర్ణయంలో వాటా వచ్చిందని జనానికి అనిపించలేదు." ఆయన తలూపి ఇంకో ప్రశ్నకి వెళ్ళారు. ఆ జవాబు నాకు ఏ మాక్ ఇంటర్వ్యూలోనూ రాలేదు, లైబ్రరీలో ఆ వారాలు కూర్చోబట్టి వచ్చింది.

అప్పట్లో చాలామంది టైం వేస్ట్ అన్నారు. ఒక్క టాపిక్ మీద ఇన్ని రోజులేంటని మా రూమ్మేట్ కూడా టెన్షన్ పడ్డాడు. నేను చేసింది కరెక్టేనని ఇప్పుడు ధైర్యంగా చెప్తున్నాను. పది కేస్ స్టడీలు రెండేసి లైన్లు రావడం కన్నా, ఒక్కటి మొదలు నుంచి చివరి దాకా రావడం మేలు. ఆ ఒక్కదాన్నే పెరాక్స్‌కి, కోర్-పెరిఫెరీకి, జీఎస్ త్రీలో ఇంక్లూజివ్ గ్రోత్‌కి, ఎస్సేకి కూడా వాడాను. ఇంకో మాట, కొంచెం గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోవద్దు. గ్రూపుల్లో పీడీఎఫ్‌లు పోగేయడం చదువు కాదు. రోజుకో ఆన్సర్ చేత్తో రాయాలి, సంక్రాంతి రోజైనా రాయాలి. మా అమ్మ అరిసెలు పంపిన రోజు కూడా ఆన్సర్ పూర్తిచేసే డబ్బా మూత తీశాను.

ఈసారి మెయిన్స్ రాసేవాళ్ళు ఒక విషయం గమనిస్తూ ఉండండి. 2025 జులైలో యూరోపియన్ కమిషన్ 2028-34 బడ్జెట్‌కి దాదాపు 2 లక్షల కోట్ల యూరోలతో ప్రతిపాదన పెట్టింది. అందులో వ్యవసాయ సబ్సిడీల్ని, ప్రాంతీయ నిధుల్ని కలిపి దేశానికో ప్లాన్‌గా చేయాలంటోంది. నిధుల పెత్తనం మళ్ళీ దేశ రాజధానుల చేతికి పోతుందని ప్రాంతాలు అభ్యంతరం చెబుతున్నాయి. దాని ముందు ఏడాది, 2024లో, ఇటలీ మరో మాజీ ప్రధాని మారియో డ్రాగీ నివేదిక, యూరప్ పోటీలో నిలబడాలంటే ఏటా అదనంగా 75 నుంచి 80 వేల కోట్ల యూరోల పెట్టుబడి కావాలంది. ఈ రెండింటినీ 1988 నాటి పార్ట్‌నర్‌షిప్ సూత్రం పక్కన పెట్టి ఇరవై మార్కుల ఆన్సర్ ఒకటి రాయండి. ఫోటో తీసి పంపితే నేను దిద్ది పంపుతాను. ట్రైనింగ్ మొదలయ్యేదాకా నాకు ఖాళీయే.