రెజీనా రాయి మీద ఆఖరి వరుస

శనివారం రాత్రి

ఈరోజు అమ్మని టైన్ నది దాటించాను. అమ్మ ఇంగ్లండ్‌లో, న్యూకాజిల్‌లో తమ్ముడి దగ్గరికి వచ్చి నెలన్నర అయింది, వాడికీ మరదలికీ శనివారం కూడా డ్యూటీలే, నేను లీడ్స్ నుంచి వస్తే తప్ప ఆవిడ గడప దాటడం లేదు. అందుకని పొద్దున్నే ఇద్దరం మెట్రో ఎక్కేశాం.

"టైన్ అండ్ వేర్ అంటే ఏంటే?" అని రైల్లో అడిగింది. రెండు నదుల పేర్లమ్మా, మన ఉభయ గోదావరి, కృష్ణా జిల్లాల్లాగా, అన్నాను. 1974లో చేసిన కౌంటీ ఇది. న్యూకాజిల్, గేట్స్‌హెడ్, సండర్లాండ్, ఇవి కాక సముద్రం వైపు నదికి ఆ గట్టున ఒక టైన్‌సైడ్, ఈ గట్టున ఒక టైన్‌సైడ్. 1986లో కౌంటీ కౌన్సిల్‌ని ఎత్తేశారు గానీ పేరు ఉండిపోయింది. మెట్రోలో కూర్చుంటే ఒక ఊరు ఎక్కడ అయిపోయిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలియనే తెలియదు, అన్నీ కలిసిపోయాయి.

నార్త్ షీల్డ్స్‌లో దిగి రేవు దాకా నడిచి ఫెర్రీ ఎక్కాం. అవతలి గట్టు సౌత్ షీల్డ్స్, దాటడానికి 7 నిమిషాలు. అమ్మ రెయిలింగ్ పట్టుకుని నిలబడి, "సఖినేటిపల్లిలో పంటు ఎక్కినట్టే ఉందే" అంది. నాకూ సరిగ్గా అదే గుర్తొచ్చింది. నర్సాపురం వెళ్ళాల్సి వస్తే నాన్న స్కూటర్‌ని పంటు మీదికి ఎక్కించి, అది జారకుండా ఒక చెయ్యి హ్యాండిల్ మీదా ఇంకో చెయ్యి నా భుజం మీదా వేసి నిలబడేవారు. ఇక్కడ నది అంత వెడల్పు లేదు, గాలి మాత్రం చెవులు కోసేస్తోంది. ఫెర్రీలో పనిచేసే ఆవిడ అమ్మ చెయ్యి పట్టుకుని దింపుతూ "పెట్" అని పిలిచింది. పెట్ అంటే ఏంటని అమ్మ అడిగితే, మనం తల్లీ అంటాం చూడు, అలాంటిదేనని చెప్పాను. చాలా సంతోషపడింది.

అక్కణ్ణుంచి ఆర్బియాకి వెళ్ళాం. రోమన్ల కోట. మామూలు ఇళ్ళ వరుసల మధ్య హఠాత్తుగా పునాది రాళ్ళు, వాటి పక్కన మళ్ళీ కట్టిన పెద్ద ద్వారం. బ్రిటన్‌కి ఉత్తరాన రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ మీద ఉన్న సైన్యానికి ఇక్కణ్ణుంచే తిండిగింజలు వెళ్ళేవట, ఆ ధాన్యం కొట్ల పునాదులు వరసగా కనిపిస్తాయి. నేను ఇవన్నీ గబగబా చూపించేసి అమ్మని లోపలి మ్యూజియంలోకి తీసుకెళ్ళాను, ఎందుకంటే నేను వచ్చింది ఒక్క రాయి కోసం.

అది రెజీనా అనే ఆమె సమాధి రాయి. 1878లో ఈ ఊళ్ళోనే దొరికింది. ఆమె దక్షిణ బ్రిటన్ మనిషి, కాటువెల్లౌనీ తెగ, బానిస. సిరియాలోని పల్మైరా నుంచి వచ్చిన బరాతెస్ అనే అతను ఆమెని బానిసత్వం నుంచి విడిపించి పెళ్ళి చేసుకున్నాడు. ఆమె 30 ఏళ్ళకే పోయింది. రాతి మీద పేము కుర్చీలో కూర్చుని ఉంటుంది, ముఖం విరిగిపోయింది, కానీ చీర కుచ్చిళ్ళంత జాగ్రత్తగా చెక్కిన బట్ట మడతలు అలాగే ఉన్నాయి. ఒక చేత్తో నగల పెట్టె మూత తీస్తోంది. అమ్మ అద్దాలు సర్దుకుని దగ్గరికి వంగి, "ఒళ్ళో కదురు ఉంది చూడు, పక్కన బుట్టలో ఉన్నవి దారపు ఉండలే" అంది. నేను ఇదివరకు రెండుసార్లు వచ్చాను, ఆ బుట్టని ఎప్పుడూ గమనించలేదు.

కింద లాటిన్‌లో రాశారు, పేరు, ఊరు, తెగ, వయసు. ఆ లాటిన్‌లో విభక్తులు సరిగ్గా లేవు. దాని కింద ఇంకొక్క వరుస ఉంది, పల్మైరా లిపిలో, కుడి నుంచి ఎడమకి, ఒక్క అక్షరం తడబడకుండా. దాని అర్థం ఇంతే: రెజీనా, బరాతెస్ విడిపించినది, అయ్యో.

రెండో శతాబ్దంలో ఈ ఊళ్ళో ఆ వరుస చదవగలిగినవాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారు? అయినా రాయించాడు. నాన్న పోయిన రోజు నేను ఆఫీసుకి మెయిల్ పెట్టాను, మై ఫాదర్ పాస్డ్ అవే అని. అంత ఏడుపులోనూ గ్రామర్ తప్పులున్నాయేమోనని మూడుసార్లు చదువుకున్నాను. ఆ రాత్రి ఒక నోట్‌బుక్ తీసుకుని తెలుగులో ఏదో రాద్దామని కూర్చుంటే "నాన్నా" అని ఒక్క మాట వచ్చింది, తర్వాత పెన్ను కదల్లేదు. ఆ పేజీ ఇంకా నా దగ్గరే ఉంది. ఈ సంగతి అమ్మకి ఇవాళే, ఆ రాయి ముందు నిలబడి చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు, నా వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

తర్వాత బీచి దగ్గర ఫిష్ అండ్ చిప్స్ తిన్నాం. సీగల్స్ మీదికి వచ్చేస్తుంటే అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని తింది. "ముళ్ళు లేకుండా చేప తినడం నాకు తెలియదే" అంటూనే మొత్తం తినేసింది.

తిరుగు రైల్లో అడిగింది, "ఆ అబ్బాయి మళ్ళీ వాళ్ళ ఊరు వెళ్ళాడంటావా?" ఇదే నది వెంట పైకి వెళ్తే కార్‌బ్రిడ్జ్ అని ఒక ఊరుంది, అక్కడ ఇంకో సమాధి రాయి దొరికింది, పల్మైరా మనిషిది, 68 ఏళ్ళు. పేరులో మొదటి అక్షరాలు విరిగిపోయాయి, మిగిలినవి బరాతెస్‌కి సరిపోతాయి. ఇతనేనని కొందరంటారు, కాదని కొందరు.

"దాని మీద వాళ్ళ భాషలో ఏం రాశారు?"

"ఏమీ లేదమ్మా. లాటిన్ ఒక్కటే."

"రాయించేవాళ్ళు లేరేమో" అని కిటికీ వైపు తిరిగింది. రైలు గేట్స్‌హెడ్ దాటి వంతెన మీదికి వచ్చింది.

"పొద్దున దాటింది ఈ నదేనా?"

"ఇదేనమ్మా."