బిరెఫ్ట్ అంటే ఉత్త ‘లేని’ కాదు

ఈ ఇంగ్లీషు మాట స్పెల్లింగు బి, ఇ, ఆర్, ఇ, ఎఫ్, టి. పలికేటప్పుడు ఒత్తు రెండో భాగం మీద పడాలి: బి-రెఫ్ట్. నిఘంటువు తీస్తే ‘లేని’, ‘రహితమైన’ అన్న అర్థాలు కనిపిస్తాయి. పరీక్షలో మార్కులకు అవి సరిపోతాయి కానీ, వాక్యం రాయబోతే తేడా కొడుతుంది.

దీని మూల క్రియ బిరీవ్. పాత ఇంగ్లీషులో దానికి దోచుకోవడం, బలవంతంగా లాక్కోవడం అని అర్థం. దొంగతనం చెప్పే ‘రాబ్’ కూడా ఆ కుదురుదే. అంటే ముందు ఒకటి చేతిలో ఉండాలి, దాన్ని ఎవరో, ఏదో లాక్కుపోవాలి. చంద్రుడి మీద ప్రాణి లేదని చెప్పాలంటే ‘డివాయిడ్ ఆఫ్ లైఫ్’ అనాలి. తుపానుకు ఆకులన్నీ రాలిన చెట్టయితే ‘బిరెఫ్ట్ ఆఫ్ లీవ్స్’. ఈ తేడా పాటించకుండా వాడేవాళ్లు చాలామందే ఉన్నారు, నిఘంటువులూ దాన్ని ఒప్పుకుంటాయి. అయినా పాటిస్తేనే మాటకు బలం.

తెలుగులో దీనికి దగ్గరగా వచ్చేది ‘బోసిపోవడం’ అని నా అభిప్రాయం. కూతురు అత్తారింటికి వెళ్లాక ఇల్లు బోసిపోయిందంటాం. గొలుసు తీసేసిన మెడను బోసి మెడ అంటాం. ఉండాల్సిన చోట లేకపోవడం అందులో కనిపిస్తుంది. ‘రహితం’లో ఆ నొప్పి లేదు.

లీవ్‌కి లెఫ్ట్ వచ్చినట్టే బిరీవ్‌కి బిరెఫ్ట్ వచ్చింది. బిరీవ్డ్ అనే రూపం కూడా ఉంది. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఈ రెండింటి మధ్యే. బిరీవ్డ్ మరణానికే: దగ్గరివాళ్లను పోగొట్టుకున్నవారు. ‘ది బిరీవ్డ్’ అంటే ఒక్కరైనా కావచ్చు, కుటుంబమంతా కావచ్చు. చివర ‘ఎస్’ చేర్చకూడదు. బిరెఫ్ట్ ఆశ, మాట, ఆలోచన, తోడు పోయినప్పుడు వాడతారు. ఆప్తులు పోయాక మనసు ఎలా ఉందో చెప్పడానికీ ‘ఫెల్ట్ బిరెఫ్ట్’ పనికొస్తుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని మాత్రం ‘బిరీవ్డ్ మదర్’ అనాలి.

పోయినదేదో చెప్పేటప్పుడు బిరెఫ్ట్ పక్కన ‘ఆఫ్’ తప్ప మరొకటి రాదు. ‘బిరెఫ్ట్ ఫ్రమ్’, ‘బిరెఫ్ట్ విత్’ రెండూ తప్పే. పెన్నో గొడుగో పోతే ‘లాస్ట్’ చాలు, ఇంత బరువైన మాట అక్కర్లేదు.

పరామర్శ సందేశంలో ఈ రెండు మాటలనూ పక్కన పెట్టడమే మేలు. మీ అమ్మగారు పోయారని తెలిసింది, చాలా బాధగా ఉందన్న భావం ‘ఐ యామ్ సో సారీ ఎబౌట్ యువర్ మదర్’లో సూటిగా వస్తుంది. దుఃఖంలో ఉన్న మనిషికి ‘యు ఆర్ బిరీవ్డ్’ అని రాస్తే ఆఫీసు కాగితంలా ఉంటుంది.

ఆఫీసు కాగితంలో మాత్రం ఆ మాట తప్పదు: బిరీవ్‌మెంట్ లీవ్, అంటే దగ్గరివాళ్లు పోయినప్పుడు తీసుకునే సెలవు. అమెరికాలో ప్రైవేటు ఉద్యోగులకు ఈ సెలవు ఇచ్చి తీరాలనే ఫెడరల్ చట్టం లేదు. కంపెనీని బట్టి, రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న కాలిఫోర్నియాలో 2023 జనవరి నుంచి, అయిదుగురూ ఆపైన పనిచేసే చోట, కనీసం 30 రోజుల సర్వీసు ఉన్నవారికి అయిదు రోజుల దాకా సెలవు హక్కుగా వస్తుంది. వరసగా తీసుకోనక్కర్లేదు, మరణించిన మూడు నెలల్లోపు వాడుకుంటే చాలు. కొన్ని ప్రయాణానికీ కొన్ని పదకొండో రోజు కర్మకూ విడగొట్టుకోవచ్చు. జీతం ఇస్తారో లేదో కంపెనీ పాలసీలో చూసుకోవాలి. చట్టంలోని జాబితాలో తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్యాభర్తలు, పిల్లలు, తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు, మనవలు, అత్తమామలు ఉన్నారు. పెదనాన్న, పిన్ని, మేనమామ లేరు. మన ఇళ్లలో వాళ్లే పెంచి ఉండవచ్చు. అలాంటప్పుడు దరఖాస్తులో ఊరికే ‘అంకుల్’ అని రాయకుండా, నన్ను పెంచింది ఆయనేనని ఒక వాక్యం చేర్చి, కంపెనీ విచక్షణ మీద సెలవు అడగాలి.